ఐదు కిలోల పలకతో చంద్రపూర్‌కి

మన వైపు నుంచి చంద్రపూర్‌కి పోయేవాళ్లు రెండు రకాలు. పులిని చూడ్డానికి పోయేవాళ్లు, చుట్టాలను చూడ్డానికి పోయేవాళ్లు. మేం పులి కోసం పోలేదు. చుట్టాల ఇంట్లో దిగాం గానీ వాళ్ల కోసమూ పోలేదు. మనుషులు గడప దాటడానికి భయపడే మే నెలలో, ఒక అల్యూమినియం పలకనూ అర్ధకిలో స్వీటు డబ్బా అంత ఉపగ్రహాన్నీ పట్టుకుని పోయాం. అసలు చేరాల్సింది నాగపూర్. దారిలో చంద్రపూర్‌లో ఆగి, తిని, పడుకుని పోదామనుకున్నాం. తిన్నాం గానీ నాకు నిద్ర పట్టలేదు.

ముందు మా సంగతి చెప్పాలి. నేను వరంగల్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. మా కాలేజీలో పద్నాలుగు మందిమి కలిసి రెండేళ్లుగా ఒక చిన్న ఉపగ్రహం తయారు చేస్తున్నాం. రాకెట్ పైకి లేచేటప్పుడు పుట్టే వణుకును అది తట్టుకుంటుందో లేదో చూడ్డానికి ముందే ఒక యంత్రం మీద బిగించి ఊపి చూడాలి. ఆ యంత్రం నాగపూర్‌లో ఒక ల్యాబ్‌లో ఉంది. వాళ్లు మాకు ఒకే ఒక పూట ఇచ్చారు, గురువారం పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. ఆ తరవాత యంత్రాన్ని మరమ్మతుకు విప్పేస్తారట. నెలాఖరులోగా ఊపుడు రిపోర్టు పంపకపోతే రాకెట్‌లో మా చోటు, వరుసలో మా వెనక నిలబడ్డ ఇంకో కాలేజీకి పోతుంది.

ఇక పలక. ఉపగ్రహాన్ని నేరుగా ఆ యంత్రానికి బిగించలేం, మధ్యలో ఒక పలక ఉండాలి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, ముప్పావు అంగుళం మందం, దాదాపు ఐదు కిలోల బరువు. దాన్ని కాగితం మీద గీసింది నేను, మా వర్క్‌షాప్‌లో కోయించింది నేను, చదునుగా ఉందని కొలిచి సంతకం పెట్టింది కూడా నేనే. అది చదునుగా లేకపోతే, యంత్రానికి బిగించినప్పుడు మెలిపడుతుంది, తన మీదున్న ఉపగ్రహాన్నీ మెలిపెడుతుంది. అప్పుడు ఊపితే ఏ వణుకు పలకదో ఏది ఉపగ్రహానిదో తెలియదు. ఉపగ్రహం చట్రం పగిలినా పగలొచ్చు.

నాతో వచ్చింది లావణ్య. నా హాస్టల్ గదిలోనే ఉంటుంది, ఉపగ్రహంలో బ్యాటరీలూ వైర్లూ దాని బాధ్యత. ల్యాబ్‌లోకి ఇద్దరికే అనుమతి అన్నారు కాబట్టి మేమిద్దరమే బయల్దేరాం. లావణ్య మేనమామ శంకర్ చంద్రపూర్‌లో దుకాణం నడుపుతాడు. ఈ ప్రాజెక్టు చూసే మా సార్ ఒక రోజు ముందే చేరుకోమన్నారు కదా, మా మామ దగ్గర ఆగుదాం అంది లావణ్య.

కాజీపేట నుంచి బల్లార్షా

మంగళవారం పొద్దున రైలు. లావణ్య ఉపగ్రహం డబ్బాను ఒళ్లో పెట్టుకుని చంటిపిల్ల తల్లిలా కూర్చుంది. పలకను పాత దుప్పట్లో చుట్టి, నా పుస్తకాల సంచిలో పెట్టి, కిటికీ కింద ఆనించాను. మంచిర్యాల దాకా అంతా సుఖంగానే ఉంది. పది రూపాయలకు రెండు సమోసాలు తిన్నాం, రెండూ చల్లారినవే.

సిర్పూర్ కాగజ్‌నగర్‌లో మొగుడూ పెళ్లాలు ఎక్కారు. ఆయన ఒక బియ్యం బస్తాను పై బల్ల మీదికి ఎత్తి, బరాబర్ ఉందా అని రెండుసార్లు తట్టి చూసి కూర్చున్నాడు. రైలు కదిలిన కుదుపుకు బస్తా జారి సరిగ్గా నా సంచి మీద పడింది. దుప్పటి విప్పి పలకను నాలుగు వైపులా తడిమాను. గీత కూడా పడలేదు. పాపం ఆయన మొహం మాడిపోయింది, దిగేదాకా మూడుసార్లు అడిగాడు, ఏం పగల్లేదు కదా బిడ్డా అని.

ఆయన భార్య మాకు సర్వపిండి ముక్కలు పెట్టి, లావణ్య ఒళ్లో డబ్బా ఏందని అడిగింది. ఉపగ్రహం, ఆకాశంలోంచి నేల మీది వేడిని కొలుస్తుంది అని లావణ్య చెప్పింది. ఆమె కాసేపు ఆలోచించింది.

“బల్లార్షాల ఎండ కొల్వనీకి గంత మీదికి పోవుడెందుకు? మా ఇంట్ల ఒక్క పూట కూసోరాదు.”

వార్ధా నది దాటగానే బల్లార్షా. దిగిన నిమిషంలోనే ఆమె మాట నిజమని ఒప్పుకున్నాను. ఎండ మన వైపు కూడా ఉంటుంది, కానీ ఇక్కడ దానికి బొగ్గుపొడి తోడు. చంద్రపూర్‌కి షేర్ ఆటోలో తలకు నలభై రూపాయలు. ఆటో అతను తలకూ మొహానికీ తెల్లగుడ్డ చుట్టుకుని కళ్లు మాత్రమే బయట పెట్టుకున్నాడు. పదిహేను కిలోమీటర్ల దారిలో ఒకరితో మరాఠీ, ఇంకొకరితో హిందీ, మాతో తెలుగు మాట్లాడాడు. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని చెప్పి, మా దగ్గర లేకపోవడం చూసి జాలిపడ్డాడు.

జట్‌పురా గేటు దగ్గర గాజు బల్ల

పాత కోటగోడ ఇప్పటికీ ఊరిని చుట్టుకుని ఉంది. జట్‌పురా గేటు కమాను కిందినుంచే స్కూటర్లూ ఆటోలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతాయి. గేటు లోపల కొంచెం దూరంలో శంకర్ మామ దుకాణం. బేరింగులు, బెల్టులు, నట్లు, బోల్టులు. బోర్డు మొత్తం మరాఠీలోనే. ముగ్గురు పిల్లలూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ చదవడం రాదట. మామకు వచ్చు, అయినా పెళ్లి కార్డు వస్తే ముందు మరాఠీ వైపే తిప్పి చూస్తానని చెప్పి నవ్వాడు.

ఆ పలకేందో చూపెట్టమన్నాడు. నేను కొంచెం గర్వంగానే విప్పి గాజు బల్ల మీద పెట్టాను. ముప్పై ఏళ్లుగా బేరింగులమ్మే మనిషి. చేతికొచ్చిన అలవాటుకొద్దీ బొటనవేలితో ఒక మూల నొక్కాడు. టిక్ అంది. ఎదురు మూల నొక్కాడు. మళ్లీ టిక్. కుంటి కుర్చీ ఊగినట్టు, వెంట్రుక మందం ఊగుతోంది.

“గాజే గిట్ల వంగిందేమో” అన్నాడు మామ, నా మొహం చూసి.

గాజు వంగలేదు. పలకను తిప్పి పెట్టాను, పక్క బల్ల మీద పెట్టాను. ప్రతిచోటా అదే టిక్. అది ఎలా జరిగిందో ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది.

నెల రోజుల కింద, వర్క్‌షాప్‌లో అన్నం గంట కొట్టే ముందు. పలకను యంత్రం బల్ల మీద నాలుగు బిగింపులతో కట్టిపడేసి చెక్కారు. చెక్కడం అయ్యాక బిగింపులన్నీ విప్పి, పలకను దాని మానాన వదిలేసి, అప్పుడు కొలవాలి. బిగించి ఉన్నంతసేపూ వంకర పలక కూడా చదునుగానే కనబడుతుంది, వదిలితేనే దాని అసలు రూపం బయటపడుతుంది. ఇది మాకు రెండో సంవత్సరంలోనే చెప్పారు. నాకు తెలియక కాదు. విప్పి, మోసుకెళ్లి, కొలిచేసరికి మెస్‌లో కూర అయిపోతుందని, బిగించి ఉండగానే ఎత్తుపల్లాలు చూపే డయల్ గేజ్ తిప్పాను. ముల్లు కదల్లేదు. కాగితం మీద అంకె వేసి సంతకం పెట్టి అన్నానికి పోయాను. ఆ రోజు కూర దొండకాయ.

“రైలుల బస్తా పడ్డది గదా, అప్పుడే వంగి ఉంటది” అంది లావణ్య.

నేను కాదనలేదు. తలూపాను కూడా.

మామ ఇంట్లో అత్త జొన్నరొట్టె, శనగపిండితో చేసిన పిఠ్లం, పచ్చిమిర్చి దంచిన ఠేచా, కైరీ పన్హే పెట్టింది. కైరీ పన్హే అంటే ఉడికించిన మామిడికాయ గుజ్జులో బెల్లం కలిపిన నీళ్లు. మనం మామిడికాయ దొరికితే పప్పులోనో పచ్చడిలోనో వేస్తాం, వీళ్లు ఎండాకాలమంతా తాగుతారు. చల్లగా, పుల్లగా చాలా బాగుంది. ఒక గ్లాసు తాగగలిగాను. రొట్టె మాత్రం పక్కకు జరిపేశాను. పిల్లకు మా తిండి నచ్చలేదని అత్త చిన్నబుచ్చుకుంది.

దుర్గాపూర్ దారిలో రేకుల షెడ్డు

ఓదేలన్న తప్ప ఇంకెవరూ దీన్ని బాగుచేయలేరన్నాడు మామ. నాలుగింటికి స్కూటర్ మీద నన్ను, వెనక ఆటోలో లావణ్యను తీసుకుపోయాడు. థర్మల్ కేంద్రం పొగగొట్టాలు ముందునుంచే కనబడుతూ ఉంటాయి, ఎంత దూరం పోయినా దగ్గరికి రావు. ఓదేలు మేస్త్రిది రోడ్డు పక్కన రేకుల షెడ్డు. మంచిర్యాల వైపు నుంచి కుర్రతనంలో వచ్చి, కాయిదం మిల్లులో ముప్పై ఏళ్లు పెద్ద పెద్ద బేరింగులు చేత్తో గీకి సరిచేసిన మనిషి. ఇప్పుడు డెబ్బై దాటాయి. నెల కిందే కంటి ఆపరేషన్ అయిందట, నల్ల అద్దాలు పెట్టుకుని కూలర్ ముందు కూర్చున్నాడు.

షెడ్డు మధ్యలో ఒక ఇనుప బల్ల, అద్దం అంత నున్నగా. దానికి పలచగా నీలం రంగు పూసి, మా పలకను దాని మీద పెట్టి, రెండు చేతులా కొంచెం జరిపి ఎత్తాడు. ఎత్తుగా ఉన్న చోట మాత్రమే రంగు అంటుతుంది. మా పలక అడుగున రెండు ఎదురెదురు మూలల్లో మాత్రమే నీలం ఉంది, మిగతాదంతా తెల్లగా మెరుస్తోంది. అంటే అది రెండు మూలల మీద నిలబడుతోంది.

“ఎట్లయింది ఇది?” అని అడిగాడు. “పడి వంగితె చెప్పు, ప్రెస్సుల పెట్టి ఒత్తుతా, అర్ధగంట కామ్. మిషన్ మీదికెల్లే గిట్ల వస్తె మాత్రం గీకుడే. రేపంత పడ్తది. అయితదో కాదో కూడ చెప్పలేను.”

రైలులో పడిందని లావణ్య చెప్పింది. ఆయన నన్ను చూశాడు. అవును తాతా, పడింది అన్నాను.

లారీల షెడ్డులో

ప్రెస్సు రోడ్డుకు అవతల లారీలు బాగుచేసే షెడ్డులో ఉంది. లారీ ఇరుసులను కూడా వంచగల యంత్రం. పలకను రెండు ఇనుప కడ్డీల మీద ఆనించారు. ఓదేలు తాత పంపు పిడి మీద చెయ్యి పెట్టాడు, మళ్లీ తీశాడు. నల్ల అద్దాలు పైకి జరుపుకుని పలక అంచులన్నీ వేళ్లతో నెమ్మదిగా తడిమాడు. ఒక్కొక్క అంచూ, ఒక్కొక్క మూలా.

“దెబ్బ ఏడ తాకింది?”

లావణ్య బస్తా సంగతి చెప్పింది. బియ్యం బస్తానా అన్నాడు. మెత్తటి బస్తా ఇంత మందం పలకను వంచదని అక్కడున్న అందరికీ, లారీ కింద పడుకున్న మెకానిక్‌తో సహా, తెలుసు. కానీ ఆయన ఆ మాట అనలేదు. నన్ను అబద్ధాలకోరు అని కూడా అనలేదు.

“ఒత్తితే ఇప్పుడే చదునైతది బిడ్డా. మీరు పొద్దుగూకకముందే బస్సెక్కుతరు. పడి వంగినదైతె పరవా లేదు. కాకపోతె, ఊపంగ ఊపంగ ఇది మళ్ల తన వంకరకే పోతది. మీద మీ డబ్బా ఉంటది.”

అని మళ్లీ పిడి మీద చెయ్యి పెట్టి ఊరుకున్నాడు. కిందికి నొక్కలేదు, తీయలేదు. నేను లెక్క వేసుకున్నాను. నొక్కితే రేపటికి నాగపూర్, ఎల్లుండి పరీక్ష, ఎవరికీ ఏమీ తెలియదు. నిజం చెప్తే రేపంతా ఇక్కడే, పలక అవుతుందో కాదో తెలియదు, పరీక్ష తప్పితే పద్నాలుగు మంది రెండేళ్ల పని నా ఒక్క భోజనం వేళకు బలి. చెప్పకుండా ఉండటానికి నాకు అన్ని కారణాలూ ఉన్నాయి. ఆ ముసలాయన చెయ్యి మాత్రం కదలడం లేదు.

“పడలేదు తాతా” అన్నాను. “నేనే బిగించి ఉండంగ కొలిచిన. ఇప్పకుండనే సంతకం పెట్టిన.”

లావణ్య నావైపు తిరిగింది. ఆ చూపును ఎదుర్కోలేక లారీ టైరు చూస్తూ నిలబడ్డాను. ఓదేలు తాత పలకను ప్రెస్సులోంచి తీసి నా చేతుల్లో పెట్టాడు. రేపు పొద్దున ఆరింటికి రమ్మని మాత్రం అన్నాడు.

ఆ సాయంత్రమే మా సార్‌కు ఫోన్ చేశాను. అంతా విన్నారు. ఇప్పుడు తిట్టి లాభం లేదు, ముందు పరీక్ష కానివ్వు, మిగతాది తరవాత మాట్లాడదాం అన్నారు. తిట్టినా బాగుండేదనిపించింది.

నీలి మచ్చలు

బుధవారం పొద్దున ఆరింటికే గాలి వేడిగా ఉంది. డాక్టరు వంగి పని చేయొద్దన్నాడు, గీకేది నువ్వే, చెప్పేది నేను, అన్నాడు తాత. నా చేతిలో ఒక పనిముట్టు పెట్టాడు. పాత ఆకురాయిని సానబట్టి, కొసను ఉలిలా చేసుకున్నది. నీలం అంటిన చోట మాత్రమే గీకాలి. ఒక గీకుకు పోయేది దుమ్ము కన్నా కొంచెం ఎక్కువ. మచ్చలన్నీ గీకాక పలకను తుడిచి మళ్లీ ఇనుప బల్ల మీద పెట్టాలి, మళ్లీ ఎక్కడ అంటిందో చూడాలి, మళ్లీ గీకాలి. మొదటి గంటకు నేను గీకింది చూసి కోడి గెలికినట్టుందన్నాడు.

మా కాలేజీలో ఉన్న యంత్రం ఈ పనిని పావుగంటలో చేస్తుంది, చేశానని నమ్మిస్తుంది కూడా. ఇక్కడ నమ్మించే మాటే లేదు. మచ్చ ఉంటే ఉంది, లేకపోతే లేదు. తొమ్మిదింటికి తాత కోడలు అటుకుల పోహా పెట్టింది. మనం అటుకులను పోపు వేసి వదిలేస్తాం, వీళ్లు పైన పచ్చి ఉల్లిగడ్డ, సన్న కారప్పూసలాంటి సేవ్, కొత్తిమీర దండిగా చల్లి నిమ్మకాయ పిండుతారు. నీలి వేళ్లతోనే తిన్నాను. నిన్నంతా తిననిది ఒకేసారి తిన్నాను.

పదకొండింటికి అరచేతిలో బొబ్బలు లేచాయి. పన్నెండుకు రెండు పగిలాయి. లావణ్య నాతో మాట్లాడటం మానేసింది, కానీ పోలేదు. ఒక మూల కూర్చుని పలక మీది రంగు తుడిచే గుడ్డలు మడిచి ఇస్తోంది. మధ్యాహ్నం రెండింటికి బయట నలభై ఆరు డిగ్రీలని మామ ఫోన్ చేసి చెప్పాడు. తాత పని ఆపించాడు. ఈ వేడికి పలకా పెరుగుతది, బల్లా పెరుగుతది, ఇప్పుడు కొలిస్తె మళ్ల తప్పే కొలుస్తవ్ అన్నాడు. గంటన్నర సేపు పలకను బల్ల మీదే వదిలేసి కూలర్ ముందు కూర్చున్నాం. నాకు ఆ గంటన్నర మొత్తం ప్రయాణంలోకెల్లా భారంగా గడిచింది. ఐదింటికి నాగపూర్ బస్సు. మూడు మూలలకు నీలం అంటుతోంది, నాలుగోదానికి ఇంకా అంటడం లేదు.

నాలుగున్నరకు కూడా అంటలేదు. నేను గీకుతున్న చోటు తప్పని, ఇంకొంచెం లోపలికి పోవాలని తాత చెప్తున్నాడు. చెమట కళ్లలో పడి మచ్చ కనబడటం లేదు. అప్పుడు లావణ్య లేచి వచ్చి నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్ లైటు ఏటవాలుగా పట్టింది. ఇక్కడ, ఇక్కడ అంటూ వేలితో చూపించింది. ఐదింటి బస్సు పోయింది. ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

ఐదు నలభైకి తాత పలకను ఎత్తి తిప్పాడు. నాలుగు మూలల్లో, మధ్యలో, అంతటా సన్న సన్న నీలి చుక్కలు. సన్నటి ఉక్కు రేకును నాలుగు మూలల కింద దూర్చబోయాడు. ఎక్కడా పోలేదు. బొటనవేలితో నొక్కాడు. టిక్ అనలేదు.

“కాయిదం మీద రాయి బిడ్డా. ఇప్పి కొల్చిన అని రాయి.”

కూలి ఎంతని అడిగితే, రోజుకు ఎనిమిది వందలు, గీకింది నువ్వు కాబట్టి నాలుగు వందలే అన్నాడు.

భద్రావతి మీదుగా

తరవాతి బస్సు ఎక్కాం. మహారాష్ట్ర బస్సుల్లో ఆడవాళ్లకు సగం టికెట్. మా దగ్గర మొత్తం ఉచితమని కండక్టరుతో అంటే, అయితే మీ బస్సునే పిలుచుకోండి అని హిందీలో జోక్ చేశాడు. భద్రావతిలో ఫ్యాక్టరీ క్వార్టర్ల దగ్గర ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. నా చేతులు చూసి, మే నెలలో హోలీ ఆడారా అని అడిగింది. కథంతా చెప్పే ఓపిక లేక అవునన్నాను. కొబ్బరినూనె రాస్తే పోతుందంది. పోలేదు, వారం రోజులు ఉంది.

లావణ్య కిటికీ వైపు మొహం పెట్టుకుని, డబ్బాను రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. బస్సు వరోరా, జామ్ ఊళ్లు దాటింది. రెండుసార్లు నావైపు తిరిగింది, ఏదో అనబోయి మళ్లీ తిరిగిపోయింది. తిట్టు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగుతోందనుకున్నాను. తిట్టే హక్కు దానికుంది.

నాగపూర్‌లో ఆ మూడు గంటలు

గురువారం పొద్దున ల్యాబ్ ఎదురుగా తర్రీ పోహా తిన్నాం, ప్లేటు ముప్పై రూపాయలు. తర్రీ అంటే శనగలతో చేసిన ఎర్రటి కారపు రసం, పోహా మీద పోస్తారు. కళ్లలో నీళ్లొచ్చాయి, కారణం కారమేనని చెప్పుకోవచ్చు.

ల్యాబ్‌లో మా పరీక్ష చూసే మేడం తక్కువ మాటల మనిషి. పలక కింద రేకు పెట్టి చూసింది, నాలుగు మూలలూ. నా కాగితంలో కొట్టేసిన పాత అంకెను, పక్కన రాసిన కొత్త అంకెను చదివి, ఏమీ అడగకుండా బిగించమంది. ఉపగ్రహాన్ని పలక మీద బిగించాం. ముందు చిన్నగా ఊపి చూస్తారు. అందులో ఏమైనా తేడా ఉంటే తెర మీద గీత రూపంలో బయటపడుతుంది.

పడింది. మా లెక్క ప్రకారం గీత పైకి లేవాల్సిన చోటు కన్నా చాలా ముందే ఒక శిఖరం లేచింది.

మేడం యంత్రం ఆపి మా ఇద్దరినీ చూసింది. ఇది మీ పలకదా, లోపలిదా అని హిందీలో అడిగింది. పలకదైతే అలాగే రాసుకుని పూర్తి పరీక్షకు పోతానంది. లోపలిదైతే ముందుకు పోనంది, ఏదో వదులుగా ఉన్నట్టు, గట్టిగా ఊపితే విరిగిపోవచ్చు.

పలకదని అంటే చాలు. ఆమె రాసుకుంటుంది, పరీక్ష జరిగిపోతుంది, రిపోర్టు వస్తుంది. వంకర పలకే తెచ్చి ఉంటే నేను నూటికి నూరుపాళ్లూ అదే అనేదాన్ని, నమ్మేదాన్ని కూడా. కానీ ఆ పలక అడుగున ఉన్న ప్రతి చుక్కా నాకు తెలుసు.

“పలకది కాదు మేడం” అన్నాను.

గడియారం పదకొండు దాటింది. అప్పుడు లావణ్య మాట్లాడింది, మేడంతో కాదు, నాతో, తెలుగులో.

“బ్యాటరీ పట్టీ స్క్రూలు రమ్యా. టార్క్ రెంచ్ ఆ రోజు వేరే డిపార్టుమెంటు వాళ్లు తీస్కపోయిన్రు. నేను చేత్తోనే బిగించిన. రెంచ్‌తోనే బిగించినట్టు అంకె రాసి సంతకం పెట్టిన. నిన్నట్నుంచి నోటిదాకా వస్తున్నది, బయటికి వస్తలేదు.”

ఎంత బిగువుగా తిప్పామో చూపించే రెంచ్ అది. ఉపగ్రహంలో ప్రతి స్క్రూనూ దానితోనే బిగించాలని నియమం. నాకు కోపం రావాలి, రాలేదు. ఎందుకో నవ్వు రాబోయింది, మేడం మొహం చూసి ఆపుకున్నాను. జరిగింది హిందీలో ఆమెకు చెప్పాం. మీ ఒంటిగంట మారదు అని మాత్రం చెప్పి, తన రెంచ్ తెచ్చి ఇచ్చింది.

మూత విప్పాం. నాలుగు స్క్రూల్లో రెండు వేలితో తిప్పితేనే తిరిగాయి. రెంచ్ తీసుకుని నేను బిగించబోయాను. వద్దని లావణ్యే బిగించింది, ప్రతిదానికీ అంకెను పైకి చదివి, నన్ను చూడమని, నేను చూశాకే రాసింది. మళ్లీ మూత వేసేసరికి పన్నెండు దాటి పది నిమిషాలు.

రెండోసారి చిన్నగా ఊపితే ఆ శిఖరం లేదు. గీత లేవాల్సిన చోటే లేచింది. ఇక పూర్తి పరీక్ష, మూడు దిక్కుల్లో. అద్దం వెనక నిలబడి చూశాం. స్వీటు డబ్బా అంత పెట్టె అక్కడ కంటికి ఆనకుండా వణుకుతోంది, ఆ చప్పుడు అరికాళ్లలోకి వస్తోంది. లావణ్య నా చెయ్యి పట్టుకుంది, సరిగ్గా బొబ్బల మీద. వదలమని అనలేదు. ఒంటిగంటకు నాలుగు నిమిషాల ముందు యంత్రం ఆగింది. ఉపగ్రహానికి కరెంటు ఇచ్చాం. అది తన గుర్తు సంకేతాన్ని పంపింది, ఒకసారి, మళ్లీ ఒకసారి. లావణ్య నేల మీద కూలబడి ఏడ్చింది.

బయటికొచ్చి, వేపచెట్టు నీడలో స్పీకర్ పెట్టి సార్‌కు ఫోన్ చేశాం. ఆయన ఫలితమేమిటని అడిగేలోపే రెంచ్ సంగతి చెప్పాం, తరవాతే పాసైందని చెప్పాం. ఉపగ్రహం పైకి పోయేదాకా మీ ఇద్దరి సంతకాలూ చెల్లవన్నారు సార్. మీరు కొలిచిన ప్రతిదాన్నీ ఇంకొకరు మళ్లీ కొలుస్తారన్నారు. సరే సార్ అన్నాం. ఇప్పటికీ అలాగే జరుగుతోంది.

“ఒక్క మాట చెప్పు లావణ్యా” అన్నారు సార్ చివరికి. “ఆ గీత మొదటిసారే సరిగ్గా వచ్చి ఉంటే, రెంచ్ సంగతి నాకు చెప్పేదానివా?”

లావణ్య నీలం అంటిన తన వేళ్ల వైపు చూసుకుంది.

“తెలియదు సార్.”

సార్ సరేనని, జాగ్రత్తగా రమ్మని ఫోన్ పెట్టేశారు. ఆ లారీల షెడ్డులో ఓదేలు తాత పిడి కిందికి నొక్కేసి ఉంటే నేను నోరు విప్పేదాన్నా అని నన్ను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే నేనూ అదే చెప్పేదాన్ని.